గిర్గిస్ మాస్టారి ఒకే ఒక్క శిష్యుడు

బాలశౌరికి అబద్ధం ఆడటం చేతకాదు. ఇది పొగడ్త కాదు, ఫిర్యాదు. మేమిద్దరం ఐరిష్ వాళ్ళ దేశంలో, కార్క్ ఊరవతల ఒకే మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాం. ప్యాకింగ్ లైను ఆగిపోయి, ఎవరి వల్ల ఆగిందని సూపర్‌వైజర్ అడిగితే అందరూ మెషీన్ మీదకి నెట్టేస్తారు. ఇతనొక్కడే చెయ్యెత్తి "నావల్లే" అంటాడు. ఒకసారి ఇంటికి భోజనానికి పిలిచి గోంగూర పచ్చడి ఎలా ఉందని అడిగాను. "ఉప్పెక్కువైందక్కా, అయినా తింటాలే" అన్నాడు. తిన్నాడు కూడా. అలాంటి మనిషి నా ఎదురుగా ఆడిన మొదటి అబద్ధం గురించే నేను చెప్పబోయేది. అది విని ఏడాది కావస్తోంది. నాకింకా కోపం చల్లారలేదు.

అతనిది గుంటూరు పక్క ఫిరంగిపురం. తరాల నుంచీ కతోలికులు. వాళ్ళ తాత అక్కడి గుళ్ళో ఉపదేశి. ఫాదర్ ఊళ్ళో లేనప్పుడు జపం చెప్పించేదీ, పిల్లలకి ప్రార్థనలు నేర్పేదీ ఆయనే. పూజ తెలుగులోకి మారకముందు లాటిన్‌లో పాడినవాళ్ళలో ఆయన ఆఖరివాడు. ఒక్క ముక్కకీ అర్థం తెలియదు, ఒక్క అక్షరమూ జారనిచ్చేవాడు కాదు. పూజ తెలుగయ్యాక ఆ పాటలు ఎవరికీ అక్కర్లేకపోయాయి.

"గేదెలకి కుడితి పెడతా పాడుకునేవోడక్కా. మేం పిల్లకాయలం, నవ్వేవోళ్ళం. ఆయన పోయినాక చూస్తే ఒక్క పాటన్నా మిగల్లా. అడుగుదామంటే మనిషి లేడు" అని బాలశౌరి నాతో ఎన్నిసార్లు అన్నాడో. ఆ మాట అన్నప్పుడల్లా అప్పుడే సమాధి చేసి వచ్చినట్టు మొహం పెడతాడు.

భార్య విజయమేరి ఇక్కడి పెద్దాసుపత్రిలో నర్సు. ఆవిడ ఉద్యోగం మీద వచ్చి కార్క్ పక్కనే బాలింకాలిగ్‌లో ఇల్లు తీసుకున్నారు. మా ఇంటికి నాలుగిళ్ళవతల. ఒకే కూతురు, హాసిని. తెలుగులో అడిగితే కార్క్ యాస ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల. వాళ్ళ పక్కింట్లో హెలెన్ ఉంటుంది. ఫార్మసిస్టు. ఈజిప్టు నుంచి వచ్చిన కోప్టుల పిల్ల, అంటే అక్కడి పాతకాలపు క్రైస్తవులు. తల్లి పోయాక ఆ అమ్మాయి తండ్రిని ఊళ్ళో ఒంటరిగా ఉంచలేక ఇక్కడికి తెచ్చుకుంది. ఆయన పేరు గిర్గిస్. చూపు దాదాపు పోయింది. ఆయన జీవితమంతా చర్చిలో పాటలు పాడటమే పని.

కార్క్‌లో ఉన్న కోప్టులు ఒక హాలు అద్దెకి తీసుకుని ఆదివారం పూజ చేసుకుంటారు. హెలెన్‌కి ఆదివారాలు డ్యూటీ. నాన్నని కొంచెం దింపుతావా అని గోడ మీది నుంచి బాలశౌరిని అడిగింది. కాదనడం కూడా అతనికి చేతకాదు.

మొదటి ఆదివారమే పెద్దాయన కారులో గొంతు సవరించుకుని పాడటం మొదలుపెట్టాడట. ఒక్క అచ్చుని పట్టుకుని ఎక్కి, దిగి, మలుపులు తిరిగి, రెండు రౌండెబౌట్లు దాటినా రెండో అక్షరానికి రాలేదట. బాలశౌరి కారు పక్కకి ఆపేశాడు.

"అర్థం గాలేదక్కా. మా తాత పాట గూడా అర్థమయ్యేది గాదు గదా. కళ్ళమ్మట నీళ్ళొచ్చినయ్. నాకు నేర్పండి మాస్టారూ అన్నా" అని ఆ రోజు సాయంత్రం మా వంటింట్లో నిలబడి చెప్పాడు.

మాస్టారు అనే మాట పెద్దాయనకి నచ్చింది. అప్పటి నుంచి తనని అలాగే పిలవమన్నాడు. పాఠం చెప్పే పద్ధతి వేరు. పుస్తకం ఉండదు. గిర్గిస్‌కి నేర్పిన గురువు పుట్టుగుడ్డి. వాళ్ళలో గుడ్డివాళ్ళకి ఈ విద్య నేర్పడం పాత ఆచారమట. శిష్యుడి మణికట్టు పట్టుకుని, స్వరం ఎక్కేచోట వేలితో పైకి నొక్కి, దిగేచోట కిందికి జార్చి పాట ఇస్తారు. తప్పు పోతే గట్టిగా నొక్కుతారు. బాలశౌరి ఎడమ చేతికి వాచీ పెట్టడం మానేశాడు. హెలెన్ ఇంటి ముందు గదిలో, సాయంత్రాలు షిఫ్టు అయ్యాక, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఇద్దరు మగవాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చుంటే చూసినవాళ్ళకి నవ్వొచ్చేది. నేనూ నవ్వాను. వాళ్ళు పట్టించుకోలేదు.

ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు కదా అని నేనే ఒకసారి అడిగాను. గిర్గిస్ తల అడ్డంగా ఊపాడు. "యంత్రంలో పెట్టిన పాట యంత్రానిది. చేతి నుంచి చేతికి ఇచ్చినదే మనిషిది" అన్నాడు. గొప్ప మాట అనుకుని ఇంటికొచ్చి మా ఆయనకి కూడా చెప్పాను. అది గొప్పతనం కాదు, భయమని నాకు తరవాత తెలిసింది.

ఆ భాష సంగతి ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. ఫరోలు మాట్లాడిన భాషే, కాలం గడిచి గడిచి, గ్రీకు అక్షరాల్లో, వాటిలో దొరకని ధ్వనులకి తమ పాత అక్షరాలు కొన్ని కలుపుకుని రాసుకుంటే కోప్టిక్ అయింది. గుడి గోడల మీది బొమ్మల రాత ఏమిటో లోకమంతా మరిచిపోయాక, ఒక ఫ్రెంచి పండితుడు ఈ భాష నేర్చుకున్నాడు కాబట్టే దాన్ని విప్పగలిగాడు. "తాళంచెవి మా చర్చి పాటల్లో ఉంది. తెరిచింది వేరేవాడు" అనేవాడు గిర్గిస్. ఆ మాటలో గర్వం ఎంతో, ఉక్రోషం ఎంతో చెప్పలేను.

"మా భాషని ఎవరు చంపారనుకుంటున్నావు?" అని ఒక రోజు అడిగాడు. నేనూ ఉన్నాను.

"అరబ్బులా?" అన్నాడు బాలశౌరి.

"అందరూ అదే అంటారు. ఒక రాజు నాలుకలు కోయించాడని మా ఊళ్ళో కథ కూడా చెప్పేవాళ్ళు. నాలుకలు కోస్తే మనుషులు పోతారు, భాష పోదు. కొత్త ప్రభువులు కచేరీ లెక్కలు అరబిక్‌లోకి మార్చారు. మావాళ్ళు ఉద్యోగం కోసం అరబిక్ నేర్చుకున్నారు. తరవాత బజారు కోసం. తరవాత పిల్లలకి సులువని ఇంట్లో. చివరికి దేవుడితో మాట్లాడటానికి తప్ప దేనికీ మిగల్లేదు."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్ళు ఊరికే అన్నారా? ఆ రాత్రి బాలశౌరి అన్నం దగ్గర హాసినిని తెలుగులో మాట్లాడమని పట్టుబట్టాడు. "ఐ యామ్, డాడ్. ఇన్ మై హెడ్" అంది ఆ పిల్ల. బళ్ళో ఐరిష్ నేర్చుకుంటుంది, అది కూడా తలలోనే. ఈ దేశంలో రోడ్డు బోర్డుల మీద పై వరస ఐరిష్, కింది వరస ఇంగ్లీషు. జనం చూసేది కింది వరసే.

అయితే గిర్గిస్ గుండెల్లో ఉన్న ముల్లు అది కాదు. మిగిలిన ఆ కాస్త భాషనీ, దాదాపు నూట డెబ్భై ఏళ్ళ కింద, వాళ్ళ చర్చిలో చదువుకున్నవాళ్ళే సరిదిద్దారు. గ్రీకుల చర్చితో పొత్తు కుదురుతుందని ఆశపడి, గ్రీకులు పలికినట్టే పలకాలని నిర్ణయించారు. పొత్తు కుదరలేదు. ఉచ్చారణ మాత్రం మారిపోయింది. తాతముత్తాతలు మెత్తగా పలికిన అక్షరాలని నాలుక పళ్ళ మధ్య పెట్టి పలకమని బడిలో నేర్పారు. దక్షిణాన కొన్ని పల్లెల్లో ముసలివాళ్ళు మాత్రం మారలేదు. గిర్గిస్ తాత అలాంటివాడు. మనవడికి ఇంట్లో పాత పలుకే నేర్పాడు. ఆ పిల్లవాడు కైరోలో గాయకుల బడికి వెళ్ళి మొదటి రోజు నోరు తెరవగానే వేళ్ళ మీద బెత్తం పడింది. పల్లెటూరి నోరని అందరూ నవ్వారు. వారం తిరక్కుండా కొత్త పలుకు నేర్చుకున్నాడు. అప్పటి నుంచి చర్చిలో కొత్తది, ఒంటరిగా ఉన్నప్పుడు పాతది.

బాలశౌరికి ఇచ్చింది పాతది. తాత దగ్గర నేర్చుకున్న సమాధి పాట, గుడ్ ఫ్రైడే సాయంత్రం పాడేది. "మావాళ్ళకి ఇది తప్పు. నా కూతురికి ఇది అక్కర్లేదు. నీ దగ్గర ఉంచుతున్నాను" అన్నాడట. దాన్ని నేర్చుకోవడానికి మూడేళ్ళు పట్టింది. మధ్యలో ఒక సెలవు రోజు ఇద్దరూ డబ్లిన్ మ్యూజియంకి వెళ్ళొచ్చారు. టిప్పరరీ బురదనేలలో దొరికిన పాతకాలపు కీర్తనల పుస్తకం అక్కడ ఉంది. దాని తోలు అట్ట లోపల ఈజిప్టు పపైరస్ పొర ఉందట. పెద్దాయన అద్దానికి ముక్కు ఆనించి, కనిపించినా కనిపించకపోయినా చాలాసేపు నిలబడ్డాడు. "చూశావా, నాకంటే ముందే ఎవరో ఈ బురదలోకి వచ్చారు" అన్నాడు. తిరుగు దారిలోనే మాట ఇచ్చాడు. వచ్చే గుడ్ ఫ్రైడేకి, ఫాదర్‌కి చెప్పి, చివరి చరణం బాలశౌరి చేత పాడిస్తానన్నాడు. ఇతను నా శిష్యుడు, ఇది మా తాత పలుకు అని అందరి ముందూ చెప్తానన్నాడు.

ఆ మాట విన్నాక బాలశౌరి నేల మీద నడవలేదు. తన తాత పాట పోయింది, ఈ తాత పాట పోనివ్వను అన్నదొక్కటే అతని లోకం. షిఫ్టులో మాస్కు వెనక పెదాలు కదిలేవి. వాళ్ళ ఈస్టరు మన ఈస్టరు దాటాక వచ్చింది ఆ ఏడు. బాలశౌరి లీవు పెట్టాడు. భార్యనీ, హాసినినీ, నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఎడమ చెయ్యి ఖాళీగా ఉంది.

హాలు కిక్కిరిసి ఉంది. నల్ల తెరలు, కొవ్వొత్తులు, సాంబ్రాణి పొగ. పొద్దుటి నుంచీ ఉపవాసంతో నిలబడ్డ జనం. ఆ రోజు లండన్ నుంచి ఒక పేరున్న గాయకుడు వచ్చాడు, అతని పక్కన గిర్గిస్ ముందు వరుసలో నిలబడ్డాడు. ఇంట్లో గోడలు తడుముకునే మనిషి అక్కడ నిటారుగా ఉన్నాడు. జనం వచ్చి ఆయన చెయ్యి ముద్దు పెట్టుకుంటున్నారు. చివరి చరణం వచ్చింది. గిర్గిస్ మావైపు తల తిప్పి చిన్నగా ఊపాడు. నేను కళ్ళారా చూశాను.

బాలశౌరి పాడాడు. నాకు సంగీతం తెలియదు. కానీ హాసిని ఫోన్ పక్కన పెట్టి తండ్రి వైపు చూడటం నాకు తెలుసు. నాలుగైదు మాటలు అయ్యాయో లేదో, వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లండన్ గాయకుడు చెయ్యెత్తి ఆపాడు. కోపంగా కూడా కాదు, మర్యాదగానే, మాకు అర్థం కావాలని ఇంగ్లీషులో అడిగాడు.

"ఇలా పలకడం మీకు ఎవరు నేర్పారు?"

"గిర్గిస్ మాస్టారు" అన్నాడు బాలశౌరి. చెప్పడానికి ఎంత సంతోషపడ్డాడో నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

అందరూ గిర్గిస్ వైపు తిరిగారు.

"మంచివాడు. నాకు లిఫ్ట్ ఇస్తాడు. కారులో వింటాడు. తప్పుగా పట్టుకున్నాడు" అన్నాడు.

తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదే. నెత్తురు రాలేదు, కేక వినిపించలేదు. జనం మంచివాళ్ళే, ఎవరూ ఎగతాళి చేయలేదు. పక్కనున్న కుర్రాడు భుజం తట్టి "గ్రాండ్, గ్రాండ్, ఫెయిర్ ప్లే టు యూ" అన్నాడు కూడా. లండన్ గాయకుడు మళ్ళీ అందుకున్నాడు. గిర్గిస్ గొంతు కలిపాడు. కొత్త పలుకులో, హాలు కప్పు అదిరేలా, బెత్తం దెబ్బలతో నేర్చుకున్న పలుకులో. బాలశౌరి చివరిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తరవాత పెద్దాయన్ని జాగ్రత్తగా నడిపించుకొచ్చి కారులో కూర్చోబెట్టి బెల్టు పెట్టి ఇంటి దగ్గర దింపాడు.

మర్నాడు నేను ఊరుకోలేకపోయాను. హెలెన్ ఇంటికి వెళ్ళి ముసలాయన ఎదురుగా కూర్చుని అడిగేశాను, ఇంత నమ్మించి ఇలా ఎందుకు చేశారని. ఆయన దాచలేదు.

"ఫాదర్‌కి చెప్పలేదు. చెప్పే ధైర్యం రాలేదు. ఒకసారి వింటే వాళ్ళే మెచ్చుకుంటారనుకున్నాను. ఈ దేశంలో ఆ ముందు వరుస ఒక్కటే నాకున్న చోటు. ఇంట్లో నేను టీ ఒలకబోసే ముసలాణ్ణి. ఆ లండన్ ఆయన అడిగినప్పుడు నా వేళ్ళు మండాయి, అమ్మా. చిన్నప్పుడు మండినట్టే."

"ఈ ముక్క నాకు కాదు, అతనికి చెప్పండి" అన్నాను.

చెప్పలేదు. ఆదివారం కోసం ఎదురుచూశాడు. ఆదివారం బాలశౌరి వెళ్ళాడు, అతని గురించి తెలిసిందే కదా. కారులో పెద్దాయన చెయ్యి చాచి మణికట్టు కోసం తడిమాడట. బాలశౌరి చెయ్యి తీసి గేరు మీద వేసుకుని రేడియో పెట్టాడు. ఆ తరవాత ప్రతి ఆదివారమూ రేడియోనే. ఎడమ చేతికి వాచీ తిరిగి వచ్చింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి అని నేను తిడుతుంటే, "పోనీలే అక్కా, పెద్దాయన" అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. అనివుంటే బాగుండేది. తిట్టుకుని ఏడ్చి ఉంటే కడుపులో అంత మిగిలేది కాదు.

చలికాలం మొదట్లో గిర్గిస్‌కి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఇంగ్లీషూ అరబిక్కూ పాటా అన్నీ ఒకేసారి. వసంతంలో డబ్లిన్ నుంచి ఒక యూనివర్సిటీ ఆవిడ వచ్చింది. పాత పలుకు తెలిసినవాళ్ళ కోసం వెతుకుతోందట. గిర్గిస్ పల్లె పేరు ఎవరో చెప్పారట, ఆలస్యంగా. హెలెన్ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "నాన్న వేలితో వాళ్ళింటి వైపే చూపిస్తున్నారు, పొద్దుటి నుంచీ. మీరు చెప్తే షోరీ వింటాడు" అంది. ఈ ఊళ్ళో అందరూ అతన్ని షోరీ అనే అంటారు.

నేను వెళ్ళి అడిగాను. "ఆయన కోసం వద్దులే. ఆ పాట కోసం రా. మీ తాత పాట పోయిందని నా తల తినలేదా నువ్వు?"

"వస్తానక్కా" అన్నాడు.

వచ్చాడు. అదే ముందు గది. బల్ల మీద చిన్న రికార్డరు. చక్రాల కుర్చీలో గిర్గిస్, కళ్ళు మూసుకుని, అడుగుల చప్పుడు గుర్తుపట్టి ఎడమ చెయ్యి ముందుకి చాచాడు. బొటనవేలూ చూపుడువేలూ వలయంలా తెరిచి పెట్టాడు, మణికట్టు పట్టేంత ఎడంగా. యూనివర్సిటీ ఆవిడ రికార్డరు నొక్కి, మీకు ఆయన సమాధి పాట నేర్పారట కదా అని అడిగింది.

బాలశౌరి ఆ చెయ్యి వైపు చూశాడు. పాడతాడనే అనుకున్నాను.

"నాకేమీ రాదండీ" అన్నాడు ఇంగ్లీషులో, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి. "నేను లిఫ్ట్ ఇచ్చేవాణ్ణి. కారులో విన్నాను. తప్పుగా పట్టుకున్నాను."

నమస్కారం పెట్టి బయటికి నడిచాడు. నేను వెంట పరుగెత్తి గేటు దగ్గర చొక్కా పట్టుకున్నాను. ముసలాయన మీద ఏడాదిగా దాచుకున్న కోపమంతా ఇతని మీదకి మళ్ళింది.

"ఎందుకురా అంత అబద్ధం? నీకు రాదా? మూడేళ్ళు నేర్చుకున్న పాట రాదా?"

"మాస్టారు చెప్పిందే చెప్పానక్కా. గురువు మాట దాటకూడదు గదా" అన్నాడు. నవ్వలేదు. నా చెయ్యి విడిపించుకుని ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

హ్యాండ్‌బ్యాగు లోపల మరిచిపోయానని తిరిగి వెళ్ళాను. హెలెన్ ఆ యూనివర్సిటీ ఆవిడని సాగనంపడానికి బయటికి వెళ్ళింది. గదిలో గిర్గిస్ ఒక్కడే. ఆ చెయ్యి అలాగే చాచి ఉంది. నాకేమైందో తెలియదు, దగ్గరికి వెళ్ళి నా మణికట్టు ఆ వేళ్ళ మధ్య పెట్టాను. వేళ్ళు చటుక్కున మూసుకున్నాయి. పైకి ఒక నొక్కు, కిందికి ఒక జారు, మళ్ళీ పైకి. ఆయన మొహం వెలిగిపోయింది. నాకు ఒక్క స్వరం తెలియదు, ఒక్క అక్షరం రాదు. రెండో మలుపులో వేళ్ళు పైకి జరిగి నా గాజులకి తగిలాయి. ఆగాయి. గాజులని ఒక్కొక్కటిగా తడిమి చూసి, ఆయన తన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.